మార్గరెట్ బాండ్‌ఫీల్డ్

మార్గరెట్ గ్రేస్ బాండ్‌ఫీల్డ్ (1873 మార్చి 17 – 1953 జూన్ 16) బ్రిటన్‌కు చెందిన కార్మిక నాయకురాలు, లేబర్ పార్టీ రాజకీయవేత్త. ఆ దేశంలో కేబినెట్ మంత్రి పదవిని పొందిన మొట్టమొదటి మహిళ ఈమె. 1929 నుండి 1931 వరకు కార్మిక శాఖ మంత్రిగా పనిచేసింది. బీమా చందాల ద్వారా లభించే నిరుద్యోగ భృతి హక్కు పూర్తయిపోయినా పని దొరకని వారిని ఎవరు పోషించాలి, ఏ షరతులపై పోషించాలి అన్న ప్రశ్న ఈమె రాజకీయ జీవితమంతటా వెంటాడింది. ఆ ప్రశ్నకు సంబంధించి ఈమె చేసిన మేలు, ఈమెపై వచ్చిన విమర్శ రెండూ చరిత్రలో నిలిచిపోయాయి.

బాల్యం, తొలి ఉద్యోగం

మార్గరెట్ ఇంగ్లండులోని సోమర్‌సెట్ జిల్లా చార్డ్ పట్టణంలో జన్మించింది. పదకొండు మంది సంతానంలో ఈమె పదవది. తండ్రి విలియం లేసు పరిశ్రమలో పనివాడు, సంస్కరణ భావాలు గలవాడు. 13 ఏళ్ల వయసులో కొంతకాలం స్థానిక పాఠశాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది. 14వ ఏట ఇల్లు విడిచి, బ్రైటన్ ప్రాంతంలోని ఒక బట్టల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరింది.

ఆ కాలంలో దుకాణ సిబ్బంది యజమాని ఏర్పాటు చేసిన వసతి గృహాలలోనే నివసించాలి. తిండి, పడక యజమానివే కనుక ఉద్యోగం పోతే నీడ కూడా పోయేది. ఈ అనుభవం ఆమెపై గాఢమైన ముద్ర వేసింది. బ్రైటన్‌లో పరిచయమైన లూయిసా మార్టిండేల్ అనే స్త్రీ హక్కుల ప్రచారకురాలు ఈమెకు పుస్తకాలిచ్చి ప్రోత్సహించింది.

కార్మికోద్యమంలో

1894లో లండన్ చేరిన మార్గరెట్ దుకాణ ఉద్యోగుల సంఘంలో సభ్యురాలయింది. గ్రేస్ డేర్ అనే కలం పేరుతో సంఘ పత్రికలో రచనలు చేసింది. దుకాణాలలో పని పరిస్థితులను రహస్యంగా పరిశీలించి నివేదికలు ఇచ్చింది. 1898లో సంఘానికి సహాయ కార్యదర్శి అయింది. 1899లో ప్లిమత్‌లో జరిగిన ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మహాసభకు హాజరైన ఏకైక మహిళా ప్రతినిధి ఈమె. 1906లో మేరీ మెకార్థర్ స్థాపించిన మహిళా కార్మికుల జాతీయ సమాఖ్యకు తోడ్పడింది. 1923లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ జనరల్ కౌన్సిల్‌కు తొలి మహిళా అధ్యక్షురాలుగా ఎన్నికయింది. అదే సంవత్సరం డిసెంబరు ఎన్నికలలో నార్తాంప్టన్ నుండి గెలిచి పార్లమెంటులో ప్రవేశించింది. లేబర్ పార్టీ తరఫున తొలిసారి ఎన్నికైన ముగ్గురు స్త్రీలలో ఈమె ఒకతె.

పొడిగింపు భృతి – పూర్వరంగం

1911 నాటి జాతీయ బీమా చట్టం బ్రిటన్‌లో నిరుద్యోగ బీమాను ప్రవేశపెట్టింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం కలిసి నిధికి చందాలు కట్టేవారు. పని పోయిన కార్మికునికి వారానికి 7 షిల్లింగుల చొప్పున ఏడాదిలో అత్యధికంగా 15 వారాలు భృతి ఇచ్చేవారు. ప్రతి 5 చందాలకు ఒక వారం భృతి అన్నది సూత్రం. 1920లో ఈ బీమాను కోటి మందికి పైగా కార్మికులకు విస్తరించారు. అయితే ఆ వెంటనే వచ్చిన మాంద్యంలో లక్షలాది మంది తమ చందాలకు తగిన భృతిని అతి త్వరలో వాడుకున్నారు. పని మాత్రం దొరకలేదు.

వారిని స్థానిక బీదల సహాయ సంస్థలకు వదిలివేయడం ఇష్టంలేక ప్రభుత్వం 1921లో, భవిష్యత్తులో కట్టబోయే చందాలపై భరోసాతో అదనపు భృతిని ప్రారంభించింది. 1924 నుండి దీనిని పొడిగింపు భృతి అన్నారు. ఇది హక్కు కాదు, మంత్రి విచక్షణపై ఆధారపడినది. కుటుంబంలో ఇతరుల సంపాదన ఉన్నదన్న కారణంతో కూడా దీనిని నిరాకరించేవారు.

1924 జనవరిలో ఏర్పడిన తొలి లేబర్ ప్రభుత్వంలో మార్గరెట్ కార్మిక శాఖకు పార్లమెంటరీ కార్యదర్శి అయింది. ఈ శాఖ అదే సంవత్సరం పురుషుల భృతిని 15 నుండి 18 షిల్లింగులకు పెంచి, పొడిగింపు భృతిని షరతులతో కూడిన చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. కానీ పని కోసం నిజాయితీగా వెతుకుతున్నట్లు రుజువు చేసుకోవలసిన భారం దరఖాస్తుదారుపైనే ఉండిపోయింది. ఆ ఏడాది చివర ప్రభుత్వం పడిపోయింది, మార్గరెట్ కూడా ఓడిపోయింది. 1925లో కన్సర్వేటివ్ ప్రభుత్వం మంత్రి విచక్షణను పునరుద్ధరించింది.

బ్లేన్స్‌బర్గ్ సంఘం

1925లో నిరుద్యోగ బీమాను సమీక్షించడానికి లార్డ్ బ్లేన్స్‌బర్గ్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. మార్గరెట్ అందులో సభ్యురాలు. 1926లో వాల్‌సెండ్ ఉప ఎన్నికలో గెలిచి ఈమె తిరిగి పార్లమెంటుకు వచ్చింది. 1927లో వెలువడిన సంఘం నివేదిక, రెండేళ్లలో 30 చందాలు కట్టినవారికి కాలపరిమితి లేని భృతి ఇవ్వాలని, పొడిగింపు భృతిని రద్దు చేయాలని సూచించింది. యువకులకు భృతి తగ్గించాలని కూడా అందులో ఉంది. నివేదికపై ఈమె సంతకం చేయడం లేబర్ పార్టీలో తీవ్ర నిరసనకు దారితీసింది.

1928 ఏప్రిల్‌లో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. 30 చందాల నియమం చేరుకోలేని వారికి తాత్కాలికంగా సంధికాల భృతి అనే ఏర్పాటు చేశారు. నిరుద్యోగం తగ్గుతుందన్న అంచనాపై ఈ పథకం నిలిచింది. ఆ అంచనా తారుమారైంది.

మంత్రిగా

1929 జూన్‌లో రామ్సే మెక్‌డొనాల్డ్ ఏర్పరచిన రెండవ లేబర్ ప్రభుత్వంలో మార్గరెట్ కార్మిక శాఖ మంత్రి అయింది. భారతదేశ రాజ్యాంగ భవిష్యత్తుపై 1930లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశాన్ని జరిపినది ఈ ప్రభుత్వమే. ఈమె పదవి చేపట్టిన నాడు నిరుద్యోగులు సుమారు 11 లక్షలు. ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్ల 1930 చివరికి ఈ సంఖ్య 25 లక్షలకు చేరింది.

1930 చట్టం ద్వారా ఈమె రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చింది. మొదటిది, సంధికాల భృతి ఖర్చు మొత్తాన్ని బీమా నిధి నుండి తప్పించి ప్రభుత్వ ఖజానాకు మార్చడం. దీర్ఘకాల నిరుద్యోగం కార్మికుల చందాల బాధ్యత కాదు, దేశం బాధ్యత అన్న సూత్రాన్ని ఇది అంగీకరించింది. రెండవది, నిజాయితీగా పని వెతుకుతున్నట్లు రుజువు చేసుకోవాలన్న నియమాన్ని తొలగించడం. తగిన పని ఇవ్వజూపితే కాదన్నాడని ఇక అధికారులే చూపవలసి వచ్చింది. రెండవ మార్పుకు స్వపక్ష సభ్యుల ఒత్తిడే ప్రధాన కారణం.

నిధి మాత్రం అప్పులలో కూరుకుపోయింది. అప్పు పరిమితిని పెంచమని ఈమె పదే పదే పార్లమెంటును కోరవలసి వచ్చింది. 1931 జూలైలో అసంగతాల చట్టం చేశారు. దీని ప్రకారం వివాహిత స్త్రీలు, ఏడాదిలో కొంతకాలమే పనిచేసేవారు భృతి పొందడానికి అదనపు షరతులు పాటించాలి. చందాలు సక్రమంగా కట్టిన ఎందరో స్త్రీలు ఈ చట్టం వల్ల భృతి కోల్పోయారు. దానిని తెచ్చినది తొలి మహిళా మంత్రి కావడంతో విమర్శ మరింత పదునెక్కింది.

1931 సంక్షోభం

1931 జూలై చివర మే కమిటీ నివేదిక 12 కోట్ల పౌన్ల బడ్జెట్ లోటును అంచనా వేసి, భృతిలో 20 శాతం కోత సూచించింది. ఆగస్టు 23న 10 శాతం కోతపై మంత్రివర్గం 11–9గా చీలిపోయింది. కోతను అంగీకరించిన 11 మందిలో మార్గరెట్ ఉంది. ప్రభుత్వం రాజీనామా చేసింది. అయితే మెక్‌డొనాల్డ్ ఏర్పరచిన జాతీయ ప్రభుత్వంలో ఈమె చేరలేదు, లేబర్ పార్టీలోనే ఉండిపోయింది. అక్టోబరు ఎన్నికలలో పార్టీ 52 స్థానాలకు పడిపోగా ఈమె కూడా ఓడిపోయింది.

కొత్త ప్రభుత్వం పురుషుల భృతిని 17 షిల్లింగుల నుండి 15 షిల్లింగుల 3 పెన్నీలకు తగ్గించింది (12 పెన్నీలు ఒక షిల్లింగు). బీమా భృతిని 26 వారాలకు పరిమితం చేసింది. ఆ తరువాత సహాయం కావలసినవారు ఇంటిల్లిపాది ఆదాయంపై విచారణకు లోబడవలసి వచ్చింది. కొడుకు సంపాదిస్తే తండ్రికి సహాయం తగ్గేది. ఈ విచారణ బ్రిటిష్ కార్మిక కుటుంబాల జ్ఞాపకాలలో చేదు గుర్తుగా మిగిలింది. 1934లో 10 శాతం కోతను రద్దు చేశారు. అదే ఏటి చట్టం భృతి గడువు ముగిసినవారి కోసం నిరుద్యోగ సహాయ మండలిని ఏర్పాటు చేసింది. వారి బాధ్యత జాతీయ ప్రభుత్వానిదే అన్న సూత్రం అలా స్థిరపడింది, ఆదాయ విచారణ మాత్రం కొనసాగింది.

చివరి సంవత్సరాలు

1935లో వాల్‌సెండ్‌లో మళ్లీ ఓడిన మార్గరెట్ 1938 వరకు కార్మిక సంఘ పదవిలో కొనసాగింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రజా సంక్షేమ మహిళా బృందానికి అధ్యక్షత వహించింది. 1948లో తన ఆత్మకథను ప్రచురించింది. అదే సంవత్సరం కంపానియన్ ఆఫ్ ఆనర్ గౌరవం లభించింది. ఈమె వివాహం చేసుకోలేదు. 1953 జూన్ 16న సర్రే ప్రాంతంలోని శాండర్‌స్టెడ్‌లో మరణించింది.