మెట్ల కింద మోగిన డ్రమ్స్: జాన్ బోనమ్

హాస్టల్ మెట్ల దగ్గర నిలబడి ఎప్పుడైనా గట్టిగా చప్పట్లు కొట్టారా? ఆ చప్పుడు గోడలకి తగిలి, పైఅంతస్తు దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఆ మోతనే పాటలోకి తెచ్చిన ఒక డ్రమ్మర్ కథ ఇది.

జాన్ బోనమ్ 1948 మే 31న ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టాడు. అయిదేళ్లకే కాఫీ డబ్బాలు ముందేసుకుని వాయించేవాడు. పదేళ్లప్పుడు అమ్మ స్నేర్ డ్రమ్ కొనిచ్చింది. పదిహేనేళ్లకి నాన్న పూర్తి డ్రమ్ సెట్ ఇచ్చాడు. పాఠాలు చెప్పిన గురువంటూ లేడు. బడి అయ్యాక నాన్న దగ్గర వడ్రంగం పని నేర్చుకుంటూనే ఊళ్లో బ్యాండ్లకి వాయించాడు.

1968లో గిటారిస్ట్ జిమ్మీ పేజ్ కొత్త బ్యాండ్ పెడుతుంటే, సింగర్ రాబర్ట్ ప్లాంట్ తన పాత దోస్తు బోనమ్ పేరు చెప్పాడు. బోనమ్ వెంటనే ఊ అనలేదు. అప్పటికే మరో గాయకుడి దగ్గర వారానికి 40 పౌండ్లు వస్తున్నాయి మరి! చివరికి ఒప్పుకున్నాడు. అదే లెడ్ జెప్లిన్.

1969లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట విని, చాలామంది బాస్ డ్రమ్‌కి రెండు పెడల్స్ ఉన్నాయనుకున్నారు. ఉన్నది ఒకటే పెడల్, ఒకటే కాలు.

నాలుగో ఆల్బమ్ కోసం హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డింగ్ పెట్టుకున్నారు. డ్రమ్స్ మెట్ల కింద హాల్లో, మైకులు పైఅంతస్తు నుంచి వేలాడుతూ. 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటలో ఆ బరువైన మోత అలా వచ్చిందే. తర్వాత హిప్‌హాప్ వాళ్లు కూడా ఆ బీట్‌ని వాడుకున్నారు.

కానీ టూర్లంటే బోనమ్‌కి ఇంటి బెంగ. దానికి తోడు తాగుడు. 1980 సెప్టెంబర్ 24న, అమెరికా టూర్ కోసం రిహార్సల్ రోజున, పొద్దున మొదలుపెట్టి దాదాపు 40 పెగ్గుల వోడ్కా తాగాడు. రాత్రి పేజ్ ఇంట్లో పడుకోబెట్టారు. నిద్రలో వాంతి అయి, ఊపిరాడక పోయాడు. మర్నాడు చూసేసరికి ప్రాణం లేదు. వయసు 32.

డిసెంబర్ 4న బ్యాండ్ ఆపేస్తున్నామని మిగతా ముగ్గురూ ప్రకటించారు. అప్పటికి కొడుకు జేసన్‌కి పద్నాలుగేళ్లు. 2007లో లండన్‌లో వాళ్లు మళ్లీ స్టేజ్ ఎక్కినప్పుడు, తండ్రి చోట కూర్చున్నది జేసనే.

తాగి పడుకున్నాడు, పొద్దున లేస్తాడులే అని మనమూ చాలాసార్లు అనేసి రూమ్ తలుపు వేసేస్తాం. ఈసారి మాత్రం ఒకరైనా పక్కన కూర్చోండి.