ఆనందీబాయి జోషీ

ఆనందీబాయి జోషీ 1865 మార్చి 31న బొంబాయి సమీపంలోని కళ్యాణ్‌లో జన్మించారు. తొమ్మిదవ ఏట తపాలా ఉద్యోగి గోపాలరావుతో ఆమె వివాహం జరిగింది. పద్నాలుగవ ఏట ఆమెకు కలిగిన మగశిశువు తగిన వైద్యమందక పదిరోజులకే కన్నుమూశాడు. ఆ పుత్రశోకమే ఆమెను వైద్యవిద్యకు పురికొల్పింది.

ఆనాడు మద్రాసు వైద్యకళాశాలలో స్త్రీలకు ప్రవేశం ఉండేది. కానీ అక్కడ స్త్రీలకు లభించే శిక్షణ అసంపూర్ణమని భావించి ఆమె అమెరికాను ఎంచుకున్నారు. సముద్రయానం చేసిన స్త్రీని సంఘం వెలివేసే కాలమది. 1883లో శ్రీరామపురం కళాశాలలో జరిగిన సభలో ఆమె తన నిర్ణయానికి కారణాలను నిర్భయంగా వివరించారు. హిందువుగానే వెళ్లి హిందువుగానే తిరిగివస్తానని ప్రకటించారు. ఆ ఏడాదే, భర్త తోడు లేకుండా, కలకత్తాలో ఓడ ఎక్కారు.

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చేరిన ఆమె ఆరోగ్యం శీతలవాతావరణానికి క్షీణించింది. అయినా చదువు విడువక 1886 మార్చిలో ఎం.డి. పట్టా పొందారు. కొల్హాపూర్ సంస్థానం తన ఆసుపత్రిలోని స్త్రీల విభాగాన్ని ఆమెకు అప్పగించదలచింది. కానీ క్షయవ్యాధిగ్రస్తురాలై స్వదేశం చేరిన ఆమె ఆ బాధ్యత స్వీకరించకుండానే 1887 ఫిబ్రవరి 26న పుణేలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ఇరవైరెండేళ్లయినా నిండలేదు. రోగులకు సేవ చేసే భాగ్యం దక్కకపోయినా, భారతస్త్రీ వైద్యవిద్యలో ఉన్నత పట్టా పొందగలదని ఆమె లోకానికి నిరూపించారు.