ప్రజల ఓటును మన్నించిన ప్రకాశం పంతులుగారు

ప్రజలిచ్చు పదవి తాతలనాటి మాన్యము కాదు. నలుగురి సమ్మతితో వచ్చునది, నలుగురి అసమ్మతితో పోవునది. ఈ ధర్మమును తన బ్రతుకుతో చాటిన మహనీయుడు మన సీమలోనే జన్మించెను. ఆయనయే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమునగల వినోదరాయునిపాలెమున జన్మించిరి. అప్పటికి ఒంగోలు నెల్లూరు మండలములోనిది. 1904లో గుంటూరు మండలము ఏర్పడినపుడు అందు చేరినది. తండ్రి గోపాలకృష్ణయ్యగారు చిన్నతనముననే గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఆనాటి సంఘము ఆ వృత్తిని చిన్నచూపు చూచెడిది. ఆమె దానిని లెక్కచేయలేదు. కుమారుని పరీక్ష రుసుమునకు చేత సొమ్ము లేనపుడు పట్టుచీర కుదువపెట్టి కట్టిరి.

ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరము వెళ్లుచు శిష్యుని వెంట తీసికొనిపోయిరి. అక్కడ చదువుతోపాటు నాటకములును సాగెను. చిలకమర్తివారి గయోపాఖ్యానమున పంతులుగారు వేషము కట్టిరి. పిమ్మట చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి, రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరముననే స్థిరపడిరి.

నాటి పురపాలనము నేటివంటిది కాదు. రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానము చేసిన పిమ్మట, 1884 నాటి మద్రాసు చట్టముచే మునిసిపాలిటీలకు కొంత స్వేచ్ఛ లభించెను. అయినను ఓటు పన్ను చెల్లించు కొలదిమందిదే. కూలివానికి అందు పాలు లేదు. అట్టి కాలమున ఆస్తి యండగాని, వంశపు పలుకుబడిగాని లేని పూటకూళ్లమ్మ కుమారుడు, ముప్పదియొకటవ యేట రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షుడుగా ఎన్నికగుట సామాన్యమా! తన వాక్కు, తన శ్రమ తప్ప ఆయనకు వేరు పెట్టుబడి లేదు.

ఆ పీఠమును పట్టుకొని వారు కూర్చుండలేదు. బారిష్టరు పరీక్షకై 1904లో లండను వెళ్లిరి. 1892లో కొలది ఓట్ల ఆధిక్యముతో బ్రిటిషు పార్లమెంటున ప్రవేశించిన దాదాభాయి నౌరోజీగారు మరల పోటీచేయగా, వారి పక్షమున పంతులుగారు ప్రచారము చేసిరి. ప్రతి యింటి తలుపు తట్టి ఓటడుగు విద్య వారికి అక్కడను అక్కరకు వచ్చెను.

1907లో తిరిగివచ్చి చెన్నపట్టణ హైకోర్టున విశేషముగా ధనమార్జించిరి. 1921లో గాంధీజీ పిలుపున ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతయు దానికి ధారపోసిరి. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కారమునాడు తుపాకి యెదుట రొమ్ము చూపిన కథ మన పిల్లలకును తెలిసినదే. 1937లో రెవెన్యూ మంత్రియై, జమీందారీ రైతుల కష్టములను విచారించిన సంఘమునకు అధ్యక్షత వహించిరి. భూమిపై హక్కు దున్ను రైతుదేయని ఆ సంఘము తేల్చెను.

పదవులు వచ్చిన తీరుకంటె అవి పోయిన తీరు నేర్పు పాఠము గొప్పది. 1946 ఏప్రిలులో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి యయిరి. సొంత పక్షమువారే ఎదురు తిరుగగా, ఏడాది నిండకమునుపే 1947 మార్చిలో పదవి వీడిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరింపగా తొలి ముఖ్యమంత్రి యయిరి. మరుసటి సంవత్సరము నవంబరులో, మద్యనిషేధ విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గెను. ఎనుబది దాటిన ఆ వృద్ధసింహము ఒక్క ఓటుకు తలవంచి పీఠము దిగెను. లాఠీకి, తుపాకికి వంగని తల ఓటుకు వంగినది. అది ఓటమి కాదు. ప్రజాధర్మమునకు చేసిన నమస్కారము.

1957 మే 20న హైదరాబాదున పంతులుగారు పరమపదించిరి. లక్షలు గడించిన ఆ చేతులలో చివరకు మిగిలినది కీర్తి యొక్కటే. ఒంగోలు కేంద్రముగా 1970లో ఏర్పడిన జిల్లాకు 1972లో వారి పేరు పెట్టిరి.

మన ఊర ఎన్నిక వచ్చినపుడు కులమును, కాసును చూచి ఓటు వేయుట కలదు; గెలిచినవాడు మాన్యమువలె, ఓడినవాడు పగవానివలె మెలగుట కలదు. అట్టివేళ యువకులు గ్రంథాలయమునకు వచ్చి, పంతులుగారు స్వయముగా వ్రాసిన నా జీవితయాత్రను చదువుదురుగాక. ఒక్క ఓటు బరువెంతయో అపుడు తెలియును.