సత్యశోధకుడు కొలెన్సో

తాను పూజించు గ్రంథమునే తూచి చూడ సాహసించిన మతాచార్యులు లోకమున నరుదు. అట్టివారిలో నొకడగు జాన్ విలియం కొలెన్సో చరిత్రమును సోదరసోదరీమణుల కెఱిగింప బూనితిమి.

ఈయన 1814వ సంవత్సరమున ఇంగ్లండుదేశపు కార్నువాలు సీమలో జన్మించెను. తండ్రి గనుల వ్యాపారమున నష్టపడుటచే బాల్యమున లేమి ననుభవించియు, 1836లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు రెండవవాడుగ నెగ్గెను. ఆయన రచించిన అంకగణిత బీజగణితములు పాఠశాలలలో బహుకాలము పఠింపబడెను. 1853లో దక్షిణాఫ్రికాయందలి నేటాలునకు బిషప్పుగ నియమితుడై, జూలూభాష నభ్యసించి వ్యాకరణమును నిఘంటువును రచించెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడలో మదరాసునుండి పోయిన తెలుగు, తమిళ కూలీలు దిగిన దేశ మిదియే.

ఆది, నిర్గమ, లేవీయ, సంఖ్యా, ద్వితీయోపదేశకాండములను యూదులు తోరా యందురు. ఆ మాటకు ఉపదేశమని యర్థము. ఈ యైదింటిని మోషేయే వ్రాసెనని పూర్వులు నమ్మిరి. కొలెన్సో వీనిని జూలూభాషలోనికి మార్చుచుండగా, సహాయుడైన విలియం ఎన్గిడి యను జూలూవాడు జలప్రళయకథను విని, శీతోష్ణదేశముల జంతువులెల్ల నొక్క యోడలో జేరుట నిజమేనా యని యడిగెను. దేవుని పేరిట అసత్యము పలుకుటకు బిషప్పుగారి మనస్సొప్పలేదు.

అంతట శోధన మారంభించి, 1862 మొదలు 1879 వఱకు ఏడు భాగముల గ్రంథమును ప్రకటించెను. ఐగుప్తు చేరినది డెబ్బదిమంది. నాలుగు తరములలో బయలుదేరిన యోధులే ఆఱులక్షలు. స్త్రీబాలవృద్ధులతో నది యిరువదిలక్షల జనసమూహము! ఎడారిలో వారికిని వారి మందలకును నీరెక్కడిది? యోధులు 6,03,550 మంది. జ్యేష్ఠపుత్రులు 22,273 మంది. ఒక్కొక్క జ్యేష్ఠునకు యుద్ధవయస్కులే యిరువదియేడుగురు చొప్పున వచ్చుచున్నారు. మఱియు మోషే మరణమును ఖననమును ఆ గ్రంథముననే యున్నవి. సృష్టికథ రెండువిధముల చెప్పబడినది. దైవము రెండు నామములతో బిలువబడినాడు. కావున ననేకుల రచన లొక్కటిగ గూర్పబడెనని తేలినది. ఈ నామభేదమును ఆస్ట్రుక్ అను ఫ్రెంచివైద్యుడు 1753లోనే గుర్తించెను. యూదులు బాబిలోను చెఱనుండి మరలిన పిమ్మట, పారసీక ప్రభుత్వకాలమున ఈ కూర్పు ముగిసెనని నేటి పండితులలో పెక్కురి మతము.

1863లో కేప్‌టౌనున ఆచార్యుడు గ్రే యాయనను పదభ్రష్టుని గావించెను. 1865లో ప్రీవీకౌన్సిలు, అట్టి తీర్పు చెప్పుటకు గ్రేకు అధికారము లేదని తేల్చెను. న్యాయవాదులు మఱువరాని తీర్పిది. అయినను గ్రే యాయనను వెలివేసెను. 1869లో పోటీబిషప్పును నిలిపిరి. మిత్రులు దూరమైరి, ఆయన తన శోధనను విడువలేదు.

ఇట్టివాడు నాస్తికుడా? కాదు. 1874లో లంగలిబలెలె యను నాయకుని నేటాలు ప్రభుత్వము అన్యాయముగ శిక్షింపగా, తన ప్రజలగు తెల్లవారి కోపమునకు వెఱవక ఇంగ్లండునకు బోయి వాదించెను. 1879 నాటి జూలూయుద్ధమును ఖండించెను. జూలూలు ఆయనను సోబంటు, అనగా జనులకు తండ్రి యనిరి. 1883లో దివంగతుడయ్యెను. పరదేశిని బాధింపరాదనియు, కోతలో పరిగెను బీదలకు విడువవలెననియు నా కాండములే బోధించుచున్నవి. కర్త యెవరైనను ఆ ధర్మము చెడలేదు. దాని నాచరించినవాడు పరీక్షించినవాడే.

మన దేవేంద్రనాథ ఠాకూరుగారును వేదములు దోషరహితములను నమ్మకమును సత్యముకొఱకే విడిచిరి. భక్తరామదాసు జన్మస్థానమగు నేలకొండపల్లిని విరాటనగర మని పెద్దలు చెప్పుదురు. అచ్చట త్రవ్వగా బౌద్ధస్తూపమును విహారములును బయల్పడెను. కథ మాత్రమే విని తృప్తిపడియున్నచో ఆ బౌద్ధభిక్షువుల స్మృతి మంటిలోనే యుండెడిది. శాస్త్రమును త్రవ్వి చూచుటయు నట్టిదే. త్రవ్విన కూలునది మన యూహ; నిలుచునది ఈశ్వరుని సత్యము. పంచకాండములనైనను మన స్మృతిపురాణముల నైనను ఆ ధైర్యముతో, ఆ భక్తితో చదువుదము గాక!