సర్టిఫికెట్ లేని ఇంజనీరు

కేజీహెచ్‌లో విరిగిన ఎముకని చూడ్డానికీ, మన షిప్‌యార్డులో వెల్డింగ్ లోపాన్ని పట్టుకోడానికీ పనికొచ్చేది ఒకటే, ఎక్స్‌రే. దాన్ని కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌జన్ డాక్టరు కాదు. మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడే, అదీ మెకానికల్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పుట్టారు. మూడేళ్ళప్పుడు కుటుంబం హాలండ్‌కి మారింది. ఉట్రెక్ట్‌లో చదివేటప్పుడు క్లాసులో ఎవరో మాస్టారి మీద వెటకారంగా బొమ్మ గీశారు. గీసిందెవరో చెప్పనన్నందుకు ఈయన్ని స్కూల్లోంచి పంపేశారు. సర్టిఫికెట్ లేకపోయినా 1865లో జ్యూరిక్ పాలిటెక్నిక్ చేర్చుకుంది. 1868లో డిప్లొమా వచ్చింది.

1895 నవంబరు 8న వూర్జ్‌బర్గ్‌లోని తన ల్యాబులో, నల్ల అట్ట కప్పిన గాజు గొట్టంలోకి కరెంటు పంపుతుంటే, కాస్త దూరంలో రసాయనం పూసిన తెర మెరిసింది. కొన్ని వారాలపాటు అదే పని. డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని ఫొటో తీస్తే వేళ్ళ ఎముకలూ, ఉంగరమూ పడ్డాయి. ఎముకలోని కాల్షియం ఈ కిరణాల్ని మాంసం కన్నా ఎక్కువగా ఆపుతుంది మరి.

1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఆ డబ్బు యూనివర్సిటీకి ఇచ్చేశారు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. అందుకే నెలలు తిరక్కుండానే ఎక్కడివాళ్ళక్కడ యంత్రాలు కట్టుకున్నారు. చివరి రోజుల్లో ఆయన దాచుకున్న డబ్బుని ద్రవ్యోల్బణం మింగేసింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూశారు. మన విశాఖలో మెడికల్ కాలేజీ మొదలైంది కూడా ఆ ఏడే.

ఆ కిరణాలు మన పల్లెలకీ చేరాయి. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో జనం నడుం వంగక, మెడ తిరక్క అవస్థ పడేవారు. కారణం తాగేనీటిలోని ఫ్లోరైడు అని 1937లో షార్ట్ బృందం రాసింది. ఎక్స్‌రేలో వాళ్ళ వెన్నుపూసలు మామూలు కన్నా తెల్లగా, దట్టంగా కనిపించాయి. ఎముకల్ని కలిపే స్నాయువుల్లోనూ కాల్షియం పేరుకుంది.

మరి తిండి మారిస్తే ఈ జబ్బు నెమ్మదిస్తుందా? మనుషుల మీద ప్రయోగం చెయ్యలేం కదా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కోతులకి ఫ్లోరైడు ఇచ్చి, తిండిలో కాల్షియం, ప్రొటీన్, విటమిన్ సి మార్చి, వాటి ఎముకల్ని ఎక్స్‌రే తీసి చూశారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి.

బిగుసుకుపోయిన వెన్నుని మళ్ళీ మామూలుగా చేసే మందు లేదు. నీళ్ళు మార్చాలి, అదీ నడుం బిగుసుకోక ముందే. ఆ ముందుచూపు కోసమే ఎక్స్‌రే.