రెండో బాణం: భాగ్యరెడ్డి వర్మ జీవితం నుంచి మనసుకు ఒక పాఠం



కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని ఎవరినన్నా ఆపి ఎట్లున్నవని అడగండి. ఎక్కువమంది నోట వచ్చే మాట ఒక్కటే, టెన్షన్. బీడీలు చుట్టే అక్కకు ఇచ్చిన ఆకులో లెక్క తేలదని టెన్షన్. నిజాంసాగర్ నీళ్ల మీద వరి వేసిన అన్నకు వడ్లు కాంటా అయ్యేదాకా టెన్షన్. కొడుకు గల్ఫ్‌కు పోయిన తల్లికి రెండు రోజులు ఫోన్ రాకుంటే టెన్షన్. సంఘం లోన్ కిస్తీ తారీకు దగ్గర పడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మన బుద్ధుడు దీన్ని రెండు బాణాల ఉపమానంతో చెప్పాడు. మనిషికి ఒక బాణం తగులుతుంది, నొప్పి పుడుతుంది. అది అందరికీ తప్పదు. కానీ తెలివి లేనివాడు ఆ నొప్పి మీద కుమిలి, గుండెలు బాదుకుని, రెండో బాణం కూడా తగిలినట్టు బాధపడతాడు. తెలిసినవాడికి మొదటి బాణం నొప్పి ఒక్కటే ఉంటుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. కులం పేరుతో తిట్టు, తక్కువ కూలి, అప్పు, ఇవి కూడా బాణాలే కదా. మనసు ప్రశాంతంగా పెట్టుకుని వాటిని భరించమని ధమ్మం చెబుతుందా? చెప్పదు. మొదటి బాణాన్ని నలుగురితో కలిసి అడ్డుకోవాలి. రెండో బాణాన్ని ఎవరి మనసులో వాళ్లు ఆపుకోవాలి. ఈ రెండు పనులూ ఒకే జీవితంలో చేసి చూపించిన తెలుగువాడు మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆయన కథ వినండి.

మొదటి బాణం

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు భాగయ్య. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి కష్టపడి సాకింది. పెద్ద బడిలో చదువుకునే వీలు లేక, ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లోనే నాలుగు అక్షరాలు, లోకజ్ఞానం సంపాదించుకున్నారు.

ఆ రోజులు ఎట్లాంటివో ఒక్కసారి తలచుకోండి. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా అదే నిజాం రాజ్యంలో ఉండేవి. వెట్టి మనదే, ఊరి బయట ఉండేదీ మనమే. అట్లాంటి కాలంలో తండ్రిలేని పిల్లవాడు నా గాచారం ఇంతేనని కూర్చుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన కూర్చోలేదు. 1906లో, ఇంకా పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్ మిత్ర మండలి పెట్టారు. వాడల్లోకి పోయి హరికథలు, భజనల రూపంలో జనానికి అర్థమయ్యేటట్టు చెప్పడం మొదలుపెట్టారు. 1911లో అదే మాన్య సంఘం అయింది.

పేరు అనే గాయం

బాణాలన్నిటిలోకి లోతుగా దిగేది మాట. పదిమంది పదేపదే తక్కువ పేరుతో పిలిస్తే, కొన్నాళ్లకు మనిషి తనను తానే ఆ పేరుతో పిలుచుకుంటాడు. ఇదే రెండో బాణం. దీన్ని విసిరేది ఎవరో కాదు, మనమే.

1917 నవంబరు 4 నుంచి 6 వరకు బెజవాడలో పంచముల సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆయన ఆ వేదిక మీద ముందుగా ఆ పేరునే ప్రశ్నించారు. పంచములు అన్న మాట మనది కాదు, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లం మనమని వివరించారు. ఆ సభ ఆది ఆంధ్ర సభగా మారింది. నిజాం రాజ్యంలోనూ ఆయన ఆది హిందువు అన్న మాటను మూలవాసి అన్న అర్థంలోనే వాడారు. 1931 జనగణనలో ప్రభుత్వం కూడా ఆ పేరును నమోదు చేసింది.

చూడండి, ముందు మనసులో మారింది. తర్వాత సభలో మారింది. పద్నాలుగేళ్లకు సర్కారు కాగితంలో మారింది. మంచి ఆలోచన అంటే అద్దంలో చూసి నవ్వుకోవడం కాదు, ఇట్లా నడిచేది.

అలసటకు మందు పని

సభలు పెట్టడం ఒక్కరోజు పని. బడి నడపడం రోజూ పని. ఆయన మన పిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడులు ఒకటొకటిగా పెట్టుకుంటూ పోయారు. 1930ల నాటికి అవి పాతిక దాటాయి. జోగిని, మురళి దురాచారాల మీద, బాల్యవివాహాల మీద, జంతుబలుల మీద పోరాడారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నిలబెట్టారు. 1931లో భాగ్యనగర్ పత్రిక తెచ్చారు. 1930లో లక్నో సభలో, రౌండ్ టేబుల్ సమావేశానికి మన ప్రతినిధిగా బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను బలపరిచారు.

బుద్ధుడి అష్టాంగ మార్గంలో సమ్మా వాయామం, అంటే సరైన ప్రయత్నం, ఒక అంగం. దానికి నాలుగు భాగాలు. రాని చెడు తలపును రానీయకపోవడం, వచ్చినదాన్ని వదిలించుకోవడం, రాని మంచిని రప్పించడం, వచ్చిన మంచిని నిలుపుకోవడం. ఈయన జీవితాన్ని ఈ నాలుగింటితో కొలిచి చూడండి, సరిపోతుంది.

ఆయన ఇంట్లో బుద్ధుడి పేరు కూడా ఉంది. కొడుకుకు గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. 1913లోనే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. నాగపూర్ దీక్షకు అది 43 ఏళ్ల ముందు. 1937లో మళ్లీ ఆది హిందూ భవన్‌లో జరిపారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లే.

కల్లు సీసాలో దొరికేది ప్రశాంతత కాదు

ఆయన గట్టిగా పట్టుకున్న ఇంకో పని తాగుడు మాన్పించడం. పెళ్లిళ్లలో, పండగల్లో కల్లు, సారా పోయకూడదని వాడవాడనా చెప్పారు. ఈ ముచ్చట మన జిల్లాకు ఇప్పటికీ అవసరం.

టెన్షన్ ఉందని సాయంత్రం కల్లు దుకాణం దిక్కు నడుస్తాం. అది చెట్టు కల్లు అయితే ఒక సంగతి, మత్తు మందు కలిపిన కల్తీ కల్లు అయితే ఇంకో సంగతి. అందులో కలిపేవి ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అవి బాధను తీసేయవు, కాసేపు కప్పేస్తాయి. అలవాటైనాక అవే కొత్త టెన్షన్. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, అప్పటి నిజామాబాద్ జిల్లాలో ఎంతోమంది చేతులు వణికి, మతి తప్పినట్టయి ఆసుపత్రుల పాలయ్యారు.

బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నది ఒకటి. పంచశీలలో ఐదోదీ అదే. కానీ ఒక జాగ్రత్త. ఏండ్ల తరబడి కల్తీ కల్లు తాగినవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కరోజులో మాన్పించొద్దు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సర్కారు దవాఖానకు తీసుకపోండి, డాక్టరు చూసి మెల్లగా తగ్గిస్తారు. అది శీలం తప్పడం కాదు, శీలానికి చేరే దారి.

మీరు రేపటి నుంచి చేయగలిగింది

పొద్దున లేవగానే ఫోన్ పట్టుకునే ముందు పది నిమిషాలు కూర్చోండి. శ్వాస లోపలికి పోవడం, బయటికి రావడం, అంతే గమనించండి. మనసు కిస్తీ మీదికి పోతుంది. పోనీయండి, మెల్లగా మళ్లీ శ్వాస మీదికి తెచ్చుకోండి. తిట్టుకోవద్దు.

టెన్షన్ వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో జరిగింది ఎంత? దాని మీద నేను అల్లుకున్నది ఎంత? ఫోన్ రాకపోవడం జరిగింది. కొడుక్కి ఏదో అయిందన్నది అల్లుకున్నది.

జరిగినదాన్ని ఒక్కరే మోయకండి. ఆకు తక్కువ ఇస్తే పదిమంది కలిసి అడగండి. అప్పు లెక్క ఇంట్లో దాచకుండా భార్యాభర్తలు కాగితం మీద రాసుకోండి. ఆదివారం విహారానికి వచ్చి వందన అయ్యాక మీ కష్టం నలుగురితో చెప్పుకోండి. భాగ్యరెడ్డి వర్మ ఏదీ ఒంటరిగా చేయలేదు. మండలి, సంఘం, బడి, సభ, అన్నీ నలుగురు కూడినవే.

బతకాలని లేదన్న తలపు వస్తే, అది మీ తప్పు కాదు, బలహీనతా కాదు. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. ఆ టెలీమానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే మే 22న మీ వాడలో పిల్లలను కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. మన ముందటివాళ్లు తిట్లు పడ్డారన్నది వాళ్లకు ఎట్లాగూ తెలుస్తుంది. ఆ తిట్టును మనసులోకి రానీయకుండా బడి కట్టినవాళ్లు కూడా మన ముందటివాళ్లేనని మీరు చెబితేనే తెలుస్తుంది.

భవతు సబ్బ మంగలం. జై భీమ్.