విలియం హార్వీ: రక్తప్రసరణము

రక్తము కాలేయమున నిత్యము నూతనముగా పుట్టి అవయవములయందే ఇంకిపోవునని గేలెను మతము. సుమారు పదునాలుగు శతాబ్దములు ఐరోపా వైద్యులకు అదియే ప్రమాణము. 1578లో ఇంగ్లండునందలి ఫోక్‌స్టనున జన్మించిన విలియం హార్వీ దానిని లెక్కకు తెచ్చెను.

ఇటలీలోని పాడువా విద్యాపీఠమున ఈయన గురువగు ఫాబ్రీషియసు సిరలలోని కవాటములను శిష్యులకు చూపుచుండెను. వాని ప్రయోజనము మాత్రము ఆయనకు బోధపడలేదు. అవి రక్తమును గుండెవైపునకే పోనిచ్చునని హార్వీ గ్రహించెను. ఒక్కొక్క స్పందనమునకు గుండె వెలిగ్రక్కు రక్తమును ఎంత తక్కువగా కట్టినను, అరగంటలో వెడలునది దేహమందలి రక్తమంతటిని మించుచున్నది. అంత రక్తమును ఏ భోజనము పుట్టింపగలదు? పోయినదే మరలి రావలెను. కాలువనీటి లెక్క తెలిసిన రైతు సయితము ఇట్లే తర్కించును గదా!

1628లో ఫ్రాంక్‌ఫర్టున ఆయన లాటిను గ్రంథము వెలువడెను. పారిసు పండితుడు రియోలాను ఖండించెను. రాజవైద్యుడే యైనను, రోగులు తగ్గిరని ఆయన నెరిగిన ఆబ్రీ వ్రాసియున్నాడు. 1642 అంతర్యుద్ధకాలమున సైనికులు ఆయన బసను దోచుకొనగా, ఏండ్లతరబడి వ్రాసికొన్న కాగితములు నశించెను.

ధమనులనుండి సిరలకు రక్తము చేరు త్రోవ మాత్రము హార్వీ కంటికి కానరాలేదు. ఉండితీరవలెనని తర్కించి, 1657లో కాలధర్మము నొందెను. 1661లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులయందు ఆ కేశనాళికలను చూచెను.